రాణిగారి కేకు ముక్క, మన చాయ్ గ్లాసు

మొన్న దసరా సెలవుల్లో మా వాడ పిలగాడొకడు ఇంగ్లండ్ నుంచి వచ్చిండు. నా దగ్గర ఏడో తరగతి దాకా చదివినవాడు. అక్కడ వృద్ధాశ్రమంలో పని. పేరుకు విదేశీ కొలువు గానీ చేసేది ముసలివాళ్లకు స్నానం చేయించుడు, పక్కబట్టలు మార్చుడు, మందులు మింగించుడు, రాత్రుళ్లు కాపలా కూచునుడు. ఆ కొలువు కోసం ఏజెంటుకు కట్టిన అప్పు ఇంకా తీరలేదు. వాడు పంపే పైసల్లో సగం మిత్తికే పోతున్నయి. వచ్చిన రెండో రోజు పొద్దుగూకినంక తల్లిని వెంటబెట్టుకొని మా ఇంటికొచ్చి సంచిలోంచి ఒక మూట తీసిండు. పాత తువాల, దాని లోపల పేపరు, పేపరు లోపల ఒక చాయ్ కప్పు. తెల్లటి కప్పు. అంచుకు బంగారు గీత. మీద ఒక మగాయన, ఒక ఆడామె బొమ్మలు. కింద తారీఖు: 1981 జూలై 29.

"ఇంగ్లండ్ యువరాజు పెండ్లి కప్పు సార్. నేను చూసుకునే ముసలామె ఇచ్చింది. దాచుకో, ఎప్పటికన్నా మంచి ధర పలుకుతదని చెప్పింది. ఎంతొస్తది సార్?"

వాని తల్లి గడప కాడ నిలబడి నా ముఖమే చూస్తున్నది.

నాకు తెల్వదన్న. తెలుసుకొని చెప్తనన్న. వారం రోజులు వేలంపాటల లెక్కలు, ధరల పట్టికలు, ఆ పెండ్లిళ్ల చరిత్ర ముందరేసుకొని కూచున్న. ఒక చాయ్ కప్పు గురించి ఇంత చదవాల్సి వస్తదని నేననుకోలేదు. మన పత్రికలో రాజుల పెండ్లి సంగతులెందుకని అడిగే మిత్రులుంటరు. చివరిదాకా చదివి అప్పుడు తిట్టుండ్రి.

ముందు పిలగాని ప్రశ్నకు జవాబు. ఆ కప్పుకు పెద్దగా ఏమీ రాదు. ఛార్లెస్, డయానాల పెండ్లి లండన్‌లోని సెయింట్ పాల్ చర్చిలో జరిగింది. ప్రపంచమంతటా 75 కోట్ల మంది టీవీల్లో చూశారని అంచనా. దాని గుర్తుగా కప్పులు, పళ్లేలు, చెంచాలు, గంటలు, బిస్కెట్ డబ్బాలు, తువాళ్లు, తపాలా బిళ్లలు గుట్టలుగా తయారుచేసి అమ్మారు. సర్కారు టంకశాల కొట్టిన పెండ్లి నాణేలే రెండున్నర కోట్లకు పైన. ఇంటింటా ఒకటి భద్రంగా దాచుకున్నరు. అందరూ దాచిన దానికి ధర ఎక్కడి నుంచి వస్తది? 1997లో పారిస్ కారు ప్రమాదంలో డయానా చచ్చిపోయింది, వాళ్ల కాపురం అంతకు ముందే విడిపోయింది, కప్పుల గుట్ట మాత్రం తరగలేదు. ఆ నాణేన్ని ఇప్పుడు అమ్మబోతే పెద్దగా ఏమీ రాదు. మక్కలు ఎక్కువ పండినప్పుడు మార్కెట్ యార్డులో మనకు జరిగేదే వాళ్లకూ జరిగింది.

అదే ఏడాది ఏప్రిల్‌లో లండన్ బ్రిక్స్‌టన్‌లో, జూలైలో లివర్‌పూల్ టాక్స్‌టెత్‌లో నల్లవాళ్ల పేటలు పోలీసుల మీద తిరగబడ్డయి. దేశంలో పనిలేనివాళ్లు 25 లక్షలు దాటిండ్రు. టాక్స్‌టెత్ మంటలకూ పెండ్లి బాజాలకూ మధ్య నెలరోజులు కూడా లేవు. కప్పు మీద ఆ సంగతి ఉండదు. కప్పు మీద ఇద్దరి నవ్వు ముఖాలే ఉంటయి.

మరి దేనికి ధర వస్తది? ఇట్లాంటి వస్తువులు సేకరించేవాళ్లకు ఇంగ్లండ్‌లో సంఘమే ఉన్నది. వాళ్ల పద్ధతులు వాళ్లకున్నయి. ముందుగాల కప్పు తిప్పి అడుగున కంపెనీ ముద్ర చూస్తరు. అంచు మీద వేలు పెట్టి పెచ్చు లేచిందా అని తడుముతరు. వేలితో కొట్టి ఖంగుమంటున్నదా, బొంగురు పలుకుతున్నదా వింటరు. మన ఆడవాళ్లు కుమ్మరి కాడ కుండ కొనేటప్పుడు చేసే పరీక్షే అది. కొద్దిగా తయారైనవాటికి ధర ఎక్కువ. తప్పు అచ్చయినవాటికి ఇంకా గిరాకీ. 2005లో ఛార్లెస్ రెండో పెండ్లి ఏప్రిల్ 8కి పెట్టుకున్నరు. అదే రోజు పోపు జాన్ పాల్ అంత్యక్రియలు రావడంతో 9కి జరిపిండ్రు. అప్పటికే 8వ తారీఖు వేసి కప్పులు తయారైనయి. పనికిరావని పారేయాల్సిన వాటి కోసం జనం దుకాణాలకు ఎగబడ్డరు. మా బడి పిల్లవాడు తేదీ తప్పు రాస్తే నేను మార్కు కోస్త. రాజు పెండ్లి తేదీ తప్పయితే దానికి అదనంగా ధర.

అన్నిటికంటే వింత తిండి సంగతి. 1936లో గద్దె దిగిపోయిన ఎడ్వర్డ్ రాజు 1937లో పెండ్లి చేసుకున్నడు. ఆ పెండ్లి కేకు ముక్క ఒకటి 1998లో న్యూయార్క్ వేలంలో 29,900 డాలర్లు పలికింది. ఛార్లెస్, డయానాల పెండ్లికి ఇరవైకి పైగా కేకులు చేస్తే, అందులో ఒకదాని పైపూత ముక్క 2021లో 1,850 పౌండ్లకు పోయింది. 1947 నాటి ఎలిజబెత్ పెండ్లి కేకు ముక్క 2024లో 2,200 పౌండ్లకు అమ్ముడయింది. మన రూపాయల్లో రెండు లక్షల పైమాటే. డెబ్బై ఏడేండ్ల కింద కాల్చిన కేకు అది! విక్టోరియా రాణి 1840 పెండ్లి కేకు ముక్కలు కూడా ఇంకా దాచిపెట్టి ఉన్నయి. వీటిని తినేందుకు ఎవరూ కొనరు. తినొద్దని వేలం వేసేవాళ్లే చెప్తరు.

2018లో హ్యారీ, మేగన్ పెండ్లికి 1,200 మంది మామూలు జనాన్ని విండ్సర్ కోట ఆవరణలోకి పిలిచిండ్రు. సద్ది మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలన్నరు. పెండ్లికి పిలిచి సద్ది కట్టుకొని రమ్మనడం మన బీద వాడల్లో కూడా నేను వినలేదు. వచ్చినవాళ్లకు ఒక్కొక్క సంచి ఇచ్చిండ్రు. నీళ్ల సీసా, బిస్కెట్లు, ఫ్రిజ్జుకు అంటించే అయస్కాంతం, చాక్లెట్ నాణెం. పెండ్లి సందడి ముగియకముందే ఆ సంచులు ఇంటర్నెట్ వేలంలోకెక్కి వేల పౌండ్ల దాకా పాటలు నడిచినయి.

ఇదంతా చదివి మొదట పగలబడి నవ్విన. తర్వాత నవ్వు ఆగిపోయింది. ఆ కేకు ముక్కలో ఏమున్నది? పిండి, చక్కెర, ఎండు ద్రాక్ష. అవే సరుకులు మా మండలం బేకరీలో కిలోల లెక్కన దొరుకుతయి. ముక్కకు లక్షల ధర తెచ్చింది రాజు అంటు. రాజు చేయి తగిలిందనో, రాజు ఇంట్లోంచి వచ్చిందనో అది పవిత్రమయింది. ఒక మనిషి చేయి తగిలితే వస్తువు విలువ మారిపోతదనే నమ్మకం మనకు కొత్తనా? మన వీపుల మీద రెండు వేల ఏండ్లుగా కూచున్నది ఆ నమ్మకమే గదా! అక్కడ రాజు అంటితే ఎండిన ముక్క నిధి అయితది. ఇక్కడ మనం అంటితే మంచినీళ్లు మైలపడతయి. దిక్కు మారింది గానీ లెక్క ఒక్కటే.

మా ఊరి హోటల్ చూరు కింద మేకుకు తగిలించిన గ్లాసు నాకు బాగా యాది. నేను ఐదో తరగతి చదివేనాటికి కూడా ఉండె. మా నాయిన దాన్ని తీసుకొని, కడుక్కొని పట్టుకుంటే హోటలాయన ఎత్తు నుంచి చాయ్ పోసేటోడు. తాగి మళ్లా కడిగి మేకుకే తగిలించాలె. నిలబడి తాగాలె. 1948 నవంబర్ 29న రాజ్యాంగ సభ అంటరానితనాన్ని రద్దు చేసే అధికరణాన్ని ఆమోదించింది. 1989లో అత్యాచారాల నిరోధక చట్టమొచ్చింది. మేకు మీది గ్లాసు మాత్రం మేకు మీదనే ఉన్నది. వాడ పిలగాండ్లు పట్టుబట్టి, హోటల్ ముందర కూచొని, దెబ్బలు తిని, కేసు పెడ్తమన్నంకనే అది దిగింది. యువరాజు బొమ్మ కప్పుతో అద్దాల బీరువా ముందర నిలబడి ఎవరూ చాయ్ తాగరు, భక్తితోని. మా నాయిన గ్లాసుతో కూడా ఇంకెవరూ తాగలే, ఏవగింపుతోని.

ఇప్పుడు ఆ కప్పుల పుట్టిల్లు సంగతి చూడుండ్రి. ఇంగ్లండ్‌లో స్టాఫర్డ్‌షైర్ అనే జిల్లా, స్టోక్ చుట్టుపక్కల పట్టణాలు. విక్టోరియా పెండ్లి నాటికే రాగి పలక మీద చెక్కిన బొమ్మను పల్చటి కాగితం మీద అచ్చు తీసి, ఆ కాగితాన్ని కుండకు అద్ది బొమ్మ దించే పద్ధతి బాగా స్థిరపడ్డది. చేతితో రంగులేసే ఖర్చు తప్పింది గనుక రాజుల బొమ్మలు మామూలు ఇండ్లలోకి కూడా వచ్చినయి. నునుపు కోసం పూసే పూతలో సీసం కలిపేటోళ్లు. కప్పుల్ని ఆ పూతలో ముంచే కార్మికులకు సీసం విషమెక్కి చేతులు పడిపోయేవి. అచ్చుల మీది పచ్చి పళ్లేలను ఉరుకుతూ మోసుకపోయి, మసిలిపోయే గదిలో ఆరబెట్టే పని పిల్లలది. ఆ పిల్లల బతుకుల మీద 1840ల మొదట్లో బ్రిటిష్ సర్కారే విచారణ చేయించి నివేదిక అచ్చేసింది. పలుగురాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకొని చచ్చే జబ్బుకు ఆ ఊళ్లల్లో కుమ్మరి కుళ్లు అని పేరు. మన రాళ్ల మిల్లుల్లో పనిచేసి దగ్గుతూ చచ్చిపోతున్నవాళ్ల జబ్బు అదే. కప్పు అడుగున కంపెనీ ముద్ర ఉంటది. ముంచినవాని పేరు, ఉరికిన పిల్లవాని పేరు ఉండవు.

కేకు మీది తెల్లటి చక్కెర పూతకు ఇంగ్లీషులో రాజపూత అనే అర్థమొచ్చే పేరున్నది. విక్టోరియా కేకు దాదాపు 136 కిలోల బరువు, చుట్టుకొలత మూడు గజాలు. ఆ కాలపు చక్కెర ఎక్కడిది? కరీబియన్ దీవుల్లో ఆఫ్రికా బానిసలు పెంచిన చెరకు తోటలది. బ్రిటన్ 1834లో బానిసత్వం రద్దు చేసినంక కూడా 1838 దాకా వాళ్లను పాత యజమానుల కిందనే కట్టిపెట్టింది. నష్టపరిహారం కింద యజమానులకు రెండు కోట్ల పౌండ్లిచ్చింది. బానిసలకు పైసా ఇవ్వలే. వాళ్లు తోటలు వదిలి పోతుంటే కూలీల కోసం మన దిక్కు చూసిండ్రు. 1860లో దక్షిణాఫ్రికా నటాల్ చెరకు తోటలకు పోయిన మొదటి ఓడ మద్రాసు నుంచే బయలుదేరింది. అందులో తెలుగువాళ్లున్నరు. 1879 నుంచి ఫిజీకి కూలీలను తోలిండ్రు, 1903 నుంచి మద్రాసు ఓడల్లో మన తెలుగువాళ్లు కూడా పోయిండ్రు. గిరిమిట్ కాగితం మీద వేలిముద్రలేసి పోయినవాళ్లలో మాల మాదిగలున్నరు. వంద ఏండ్లు తిరిగినంక, 1981లో ఫిజీ దేశం ఛార్లెస్, డయానాల పెండ్లికి తపాలా బిళ్లలు వేసింది. అప్పటికి ఫిజీకి కూడా ఆ రాణే రాణి. గిరిమిట్ కూలీల మనుమలు, మనుమరాండ్లు ఆ బిళ్లలంటించి ఉత్తరాలు రాసే ఉంటరు.

ఇంత దూరం తిరిగి తిరిగి కథ మన హైదరాబాదుకే వచ్చి ఆగింది. నన్ను నాలుగు రోజులు నిద్రపోనియ్యనిది ఈ భాగమే.

1947 నవంబర్ 20న ఎలిజబెత్, ఫిలిప్‌ల పెండ్లి. యుద్ధం ముగిసి రెండేండ్లయినా ఇంగ్లండ్‌లో రొట్టెకు రేషన్, బట్టకు రేషన్. పెండ్లికూతురి బట్టకు కూడా కూపన్లు కావాలె. దేశంలోని ఆడవాళ్లు తమ కూపన్లు పోస్టులో పంపితే, ఒకరివి ఇంకొకరు వాడటం చట్టవిరుద్ధమని తిప్పి పంపిండ్రు. బొమ్మలేసిన కప్పులు దేశం లోపల అమ్మొద్దని 1942లో పెట్టిన నిషేధం 1952 దాకా నడిచింది. అందుకే ఆ పెండ్లి కప్పులు అరుదు, సేకరించేవాళ్లు వాటి కోసం పడిచస్తరు. కానుకలు మాత్రం రెండున్నర వేలు వచ్చినయి. వాటిని లండన్‌లోని సెయింట్ జేమ్స్ ప్యాలెస్‌లో ప్రదర్శనకు పెడితే జనం వచ్చి చూసిండ్రు.

ఆ కానుకల్లో గాంధీ తన చేత్తో వడికిన నూలుతో అల్లించి పంపిన చిన్న గుడ్డ ఉన్నది. మధ్యలో జై హింద్ అనే అక్షరాలు. పెండ్లికూతురి నాయినమ్మ మేరీ రాణి దాన్ని గాంధీ కట్టుకునే గోచి అనుకొని చీదరించుకున్నదట. గాంధీతో మన పేచీలు మనకున్నయి గానీ, ఆ ముసలి రాణి ముఖం తలుచుకుంటే నవ్వాగదు.

అదే ప్రదర్శనకు మన ఏడో నిజాం కానుక కూడా చేరింది. 1937లోనే అమెరికా టైమ్ పత్రిక ముఖచిత్రం మీద ప్రపంచంలోకెల్లా ధనవంతుడని ఎక్కినాయన మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. ఆయన కార్టియర్ నగల కంపెనీకి ఏమని చెప్పిండంటే, పెండ్లికూతురిని మీ దుకాణంలో ఏది నచ్చితే అది ఏరుకొమ్మనుండ్రి, పైసలు నేనిస్త అని. ఆమె గులాబీ పూల వజ్రాల కిరీటం ఒకటి, వజ్రాల హారం ఒకటి ఏరుకున్నది. కిరీటాన్ని 1973లో విప్పించి ఆ వజ్రాలతో వేరే కిరీటం చేయించుకున్నది. హారం ఇప్పటికీ నిజాం పేరుతోనే పిలవబడుతున్నది. 2014లో ఆమె మనుమని భార్య కేట్ వేసుకుంటే పత్రికలన్నీ ఆ మెడనే ఫొటోలు తీసినయి.

అప్పుడు మన ఊళ్లెట్లున్నయి? రాజ్యంలో దాదాపు పదోవంతు భూమి నిజాం సొంత ఖర్చులకు, సర్ఫేఖాస్ పేరుతోని. ఇంకో ముప్పై శాతం జాగీర్దార్లది. మిగతాదాంట్లో దేశ్‌ముఖులు, దొరలు. కడవెండిలో దొడ్డి కొమురయ్యను 1946 జూలై 4న దొర గూండాలు కాల్చి చంపిండ్రు. ఊరూరా సంఘం లేచింది, రజాకార్లు ఊళ్లమీద పడుతున్నరు. కార్టియర్ హారం ఎలిజబెత్ పెండ్లి కానుకల్లో మెరిసిన తొమ్మిది రోజులకు, 1947 నవంబర్ 29న, నిజాం ఇండియా సర్కారుతోని యథాతథ ఒప్పందం మీద దస్కతు చేసిండు. ఆ దస్కతుకు సరిగ్గా ఏడాదికే అంటరానితనం రద్దు అధికరణం ఆమోదం పొందింది. తారీఖులు ఒకదాని పక్కన ఒకటి రాసుకుంటే ఎట్లెట్ల కనబడతయో చూడుండ్రి.

వెట్టి అంటే ఇప్పటి పిల్లలకు పుస్తకంలో మాట. మాదిగ ఇంటికొకరు పొద్దుగాలనే గడి ముందర నిలబడాలె. చెప్పులు, మోటబొక్కెనలు, పశువుల పగ్గాలు ఊరికే కుట్టియ్యాలె. చావు కబురు, పెండ్లి కబురు పక్క ఊళ్లకు మోయాలె. దొర ఇంట్ల పెండ్లయితే ఊరి మీద పన్ను. మా తాత దొర బిడ్డ పెండ్లికి పదహారు జతల చెప్పులు కుట్టిండట. మా నాయినమ్మ అప్పటికి పన్నెండేండ్ల పిల్ల, గడి వాకిలి ఊడ్చే వెట్టి ఆమెది. పెండ్లి బండ్లు వెళ్లిపోయిననాడు తనతో పాటు వాకిలూడ్చే పిల్ల ఒకతి ఏడుసుకుంట బండెక్కిందని చెప్పేది. ఆ పిల్లను పెండ్లికూతురితోని పంపిచ్చిండ్రు. ఆడబాప. సామాన్లలో బిందెలెట్లనో, మంచమెట్లనో ఆ పిల్ల కూడా అట్లనే. ఇది మా నాయినమ్మ ఒక్కదాని మాట కాదు, తెలంగాణ పోరాట చరిత్రలు రాసినవాళ్లందరూ రాసిన సంగతే. ఆ బండెక్కిన పిల్లను మా నాయినమ్మ మళ్లీ చూడలేదు. పేరు కూడా మరిచిపోయింది. చనిపోయే ముందు ఏడాది ఆ పేరు కోసం శానా తన్లాడింది.

ఆ హారంలో ఏ వజ్రం ఏ ఊరి శిస్తుదో, ఎవరి వెట్టిదో విడదీసి చెప్పలేం. కార్టియర్ రసీదులో అట్లాంటి గడి ఉండదు. హారం మీద నిజాం పేరున్నది, ఆమె మెడ ఫొటోలున్నయి. బండెక్కిన పిల్ల పేరు ఎక్కడా లేదు.

ఒక మాట నిజాయితీగా ఒప్పుకోవాలె. రాజుల పెండ్లి గుర్తులన్నీ మనకు పనికిరానివేనని అనలేం. 1931లో నిజాం కొడుకులిద్దరికీ ఫ్రాన్స్‌లోని నీస్ పట్నంలో టర్కీ రాజవంశపు పిల్లలతోని పెండ్లిళ్లయినయి. చిన్న కోడలు నీలోఫర్. ఆమె దగ్గర పనిచేసే దాసీ ఒకామె కాన్పులో సరైన వైద్యం అందక చనిపోయింది. అది చూసి తట్టుకోలేక తల్లులకూ పిల్లలకూ దవాఖాన కావాలని ఆమె పట్టుబట్టింది. నీలోఫర్ దవాఖాన అట్లా వచ్చింది. మా వాడలో జ్వరమొచ్చిన పసిపిల్లను ఎత్తుకొని అక్కడికి ఉరకని తల్లి లేదు. నా బిడ్డ అక్కడనే బతికింది. ఆ పెండ్లి నగలెక్కడున్నయో నాకక్కరలేదు, ఆ దవాఖాన గేటు మాత్రం నేను మరువను.

మన కార్యకర్త మిత్రుడొకాయన, నేనిదంతా చెప్తుంటే, "ఆ కప్పు నేలకేసి కొట్టక నీకెందుకీ పంచాది" అన్నడు. నేనొప్పుకోను. ఆ కప్పు చేసింది కార్మికులు, కొన్నది కూడా ఆ ముసలామె లాంటి మామూలు మనిషే. పెండ్లి రోజున వీధిలో బల్లలేసుకొని ఇరుగుపొరుగు కలిసి తిన్నరట, అది ఆమెకు పండుగ. వెట్టి చెప్పుల్లో మా తాత పనితనం ఉన్నట్టే, కప్పులో కూడా ఎవరిదో పనితనం ఉన్నది. నా పేచీ దాచుకోవడం మీద కాదు. వాళ్లు కేకు పొడిని కూడా డబ్బాలో పెట్టి నూట ఎనభై ఏండ్లు కాపాడుకుంటుంటే, మనల్ని మాత్రం ఉన్నదంతా పారేయమంటున్నరు. 1995లో భారత సర్కారు నిజాం నగలు 173 కొన్నది, 218 కోట్లకు. పురానీ హవేలీ మ్యూజియంలో నిజాం జూబిలీ వెండి కానుకలు అద్దాల వెనుక మెరుస్తున్నయి. బడి పిల్లల్ని నేనే రెండుసార్లు తీసుకపోయి చూపించిన.

పారేయమనేది ఎవరంటరా? రెండేండ్ల కింద మా అంబేద్కర్ సంఘం గదిలో ఒక పాత బీరువా పెట్టినం. మా తాత ఆరె, రంపె అందులో పెట్టిన. ఒకాయన పగిలిన డప్పు తెచ్చిండు. ఒకామె తన హాస్టల్ పళ్లెం తెచ్చింది, అడుగున నంబరు చెక్కి ఉన్నది. హోటల్ మేకు మీది గ్లాసు మా చిన్నాయన ఇంట్ల దొరికింది. ఆఖరి రోజు ఆయనే కోపంతోని గుంజుకొచ్చిండట. అల్యూమినియం గ్లాసు, అంచు సొట్టపోయింది. దాన్ని మధ్య అరలో పెట్టి, ఏ హోటల్‌ది, ఏ ఏడు దాకా, ఎవరు తాగింది చీటీ రాసి అంటించినం. డప్పుకు, పళ్లేనికి ఎవరూ ఏమీ అనలే. గ్లాసుకే లొల్లి. ఊరి పెద్దలు నలుగురు వచ్చి, "సారూ, ఇప్పుడందరం ఒక్క హోటల్లనే తాగుతున్నం గదా, పాత పుండు గెలుకుడెందుకు, చీటీ చింపెయ్యి" అన్నరు. హోటలాయన మనుమడు నా దగ్గర చదివినవాడే. వాడు వెనుక నిలబడి నేల చూస్తున్నడు. వానిమీద నాకు కోపం లేదు.

బాధ ఎక్కడంటే, మనవాళ్లలో సగం మంది అదే మాట. "సంబంధం చూడొచ్చినోళ్లు ఈ గిలాస చూస్తే మన పరువేముంటది సారూ" అన్నది మా వాడ పెద్దవ్వ ఒకామె. పట్నంలో చదివే పిలగాండ్లు, ఇదంతా సిగ్గుచేటు, బాబాసాహెబ్ ఫొటో ఒక్కటి పెడితే చాలన్నరు. వాళ్ల మాటను తీసిపారేయలేను. ఆ గ్లాసుతో చాయ్ తాగిననాడు నాకూ సిగ్గే ఉండె. కానీ సిగ్గు గ్లాసు పట్టుకున్నవానిదా, మేకు కొట్టినవానిదా? చీటీ చింపితే మేకు కొట్టిన సంగతే చెరిగిపోతది. ఇంకో ఇరవై ఏండ్లకు మన పిల్లలే, మా ఊళ్లో అట్లాంటిదేం లేకుండెనని వాదిస్తరు. ఇప్పటికే నా తరగతిలో వాదిస్తున్నరు. గ్లాసు ఉండాలె, చీటీతోనే ఉండాలె. నా పంతం ఇది. వచ్చే అమావాస్య ఆదివారం సంఘం కూచుంటున్నది, చేతులెత్తి తేల్చుకుంటం. మీ ఊళ్లల్లో ఇట్లాంటి గ్లాసులు, వెట్టి చిట్టీలు, జీతగాండ్ల లెక్కల పుస్తకాలు ఎవరింట్లనన్నా ఉంటే పాత సామాన్లవానికి వేయకుండ్రి. ఎవరు వాడింది, ఎప్పుడు వాడింది కాగితం మీద రాసి దాంతోనే కట్టిపెట్టుండ్రి. ముసలివాళ్లున్నప్పుడే రాయుండ్రి.

పిలగాడు మళ్లీ ఇంగ్లండ్ పోయిండు. కప్పుకు ధర రాదని చెప్పిననాడు వాని ముఖం చూడలేకపోయిన. వాని తల్లి ఏమీ అనలే. పోయిన వారం వాళ్లింటికి పోయి, ఆ కప్పును కూడా మన బీరువాలో గ్లాసు పక్కన పెడదాం అక్కా, ఇయ్యి అని అడిగిన. ఇయ్యనన్నది. "నా కొడుకు ఆమెకు తానం చేపిచ్చిండని ఇచ్చింది సారూ, రాజుదయితే నాకేంది, ఎవనిదయితే నాకేంది. నీ బీరువల ఎందుకు?" అన్నది. పొయ్యి మీది నుంచి చాయ్ దించి ఆ కప్పులో పోసుకొని, నాకు స్టీలు గ్లాసులో పోసిచ్చింది.